పిల్లలకు సంభావ్యత లెక్కలు ఎలా నేర్పాలి: ముందు జాబితా, ఆ తర్వాతే భిన్నం

బెంగళూరులో తెలుగు ఇళ్ల పిల్లలకు లెక్కలు చెప్పేవారిని తల్లిదండ్రులు పరీక్షల ముందు తరచుగా అడిగే ప్రశ్న ఒకటి ఉంది. "సంభావ్యతకు సూత్రం ఒక్క వరుసే కదా, మరి మా పిల్లవాడికి జవాబు ఎందుకు తప్పుతోంది?" ఏడు, ఎనిమిది తరగతుల స్థాయిలో సూత్రం నిజంగానే ఒక్క వరుస: మనం కోరినది ఎన్ని విధాలుగా జరగవచ్చో ఆ సంఖ్యను, మొత్తం ఎన్ని విధాలుగా జరగవచ్చో ఆ సంఖ్యతో భాగించాలి. తప్పు ఈ భాగహారంలో జరగదు, దానికి ముందు లెక్కపెట్టడంలో జరుగుతుంది. అందులోనూ లవం కంటే హారమే ఎక్కువమందిని ముంచుతుంది. అందువల్ల ఇక్కడ చెప్పే పద్ధతిలో భిన్నం చాలా ఆలస్యంగా వస్తుంది, అంతవరకు చేసేదంతా జాబితా రాయడమే.

మీరు తెలుగు మాధ్యమంలో చదువుకుని, పిల్లలు ఇంగ్లీషు మాధ్యమంలో చదువుతున్నట్లయితే ఈ నాలుగు మాటలు గుర్తుంచుకుంటే చాలు. వారి ప్రాబబిలిటీ మన సంభావ్యత, అవుట్‌కమ్ పర్యవసానం, ఈవెంట్ ఘటన, ఈక్వల్లీ లైక్లీ సమసంభవం.

కావలసినవి

గళ్ల నోటుపుస్తకం, పెన్సిలు, ఒక రూపాయి నాణెం, ఒక ఐదు రూపాయల నాణెం, రెండు వేర్వేరు రంగుల పాచికలు, 1 నుంచి 20 వరకు అంకెలు వేసిన చీటీలు, లోపలిది కనిపించని ఒక గుడ్డసంచి, అందులో వేయడానికి ఒకే పరిమాణం గల పది చొక్కా గుండీలు సిద్ధం చేసుకోండి. గుండీల్లో 5 ఎరుపు, 3 తెలుపు, 2 నీలం ఉండాలి. చిక్‌పేట వైపు వెళ్లినప్పుడు కుట్టుసామాను అంగట్లో తెచ్చుకోవచ్చు, లేదా ఒకే కొలతతో కత్తిరించిన అట్టముక్కలకు రంగు వేసుకోవచ్చు. దొరికితే నాలుగు గవ్వలు కూడా పక్కన పెట్టుకోండి, వాటి అవసరం చివరలో వస్తుంది.

గుండీల్లో ఒకటి పెద్దదిగానో, గరుకుగానో ఉంటే చెయ్యి తెలియకుండానే దాన్ని పట్టుకుంటుంది. చీటీలను కూడా ఒకే తీరుగా మడవాలి. ఈ జాగ్రత్త తీసుకోకపోతే తర్వాత చేసే ప్రయోగం దేన్నీ రుజువు చేయదు.

పాఠాల్లో పేకముక్కల ప్రశ్నలు కూడా వస్తాయి. ఇంట్లో పేక ఉంచుకోవడం ఇష్టంలేని పెద్దవారు ఉంటే తెచ్చి నొప్పించనవసరం లేదు, ఈ వివరం ఒక కాగితం మీద రాసిస్తే సరిపోతుంది: మొత్తం 52 ముక్కలు, ఇస్పేటు, కళావరు నలుపు, ఆఠీను, డైమను ఎరుపు, ఒక్కొక్క రకంలో 13. జాకీ, రాణి, రాజు మాత్రమే బొమ్మ ముక్కలు కాబట్టి అవి మొత్తం 12, ఆసు వాటిలోకి రాదు.

చేయవలసిన విధానం

1. ప్రశ్నను రెండు వాక్యాలుగా విడదీయించండి. మొదటి వాక్యం "మనం ఏం చేస్తున్నాం?", రెండోది "మనం ఏం కోరుతున్నాం?". పాచిక ఒకసారి వేస్తున్నాం, 4 కంటే పెద్ద సంఖ్య కోరుతున్నాం అని పిల్లలు తమ మాటల్లో రాయాలి. ఇక్కడే జారిపోయేవారు చాలామంది. 4 కంటే పెద్దది అంటే 5, 6 మాత్రమే. కనీసం 4 అంటే 4, 5, 6. గరిష్ఠంగా 4 అంటే 1, 2, 3, 4. ఇంగ్లీషు పుస్తకంలో అట్ లీస్ట్, అట్ మోస్ట్ అని కనిపించిన వెంటనే పిల్లలు వాటిని కనీసం, గరిష్ఠంగా అని మార్చుకుని, పక్కనే సంఖ్యలు రాసేలా అలవాటు చేయండి.

2. జరగగలిగినవన్నీ ఒక వరుసలో రాయించండి. పాచిక అయితే 1, 2, 3, 4, 5, 6. గుండీల సంచి అయితే ఎరుపు, తెలుపు, నీలం అని మూడు మాటలు రాసి ఆపకూడదు. ఎ1, ఎ2, ఎ3, ఎ4, ఎ5, తె1, తె2, తె3, నీ1, నీ2 అని పది గుండీలకూ విడివిడిగా పేర్లు పెట్టాలి. చేతికి వచ్చేది గుండీయే తప్ప రంగు కాదు. ఈ ఒక్క అలవాటు లేకపోవడం వల్లనే "మూడు రంగులున్నాయి కాబట్టి నీలం వచ్చే సంభావ్యత 1/3" అనే జవాబు వస్తుంది. అసలు జవాబు 2/10. పది పేర్లు రాయడం విసుగని పిల్లలు గొణుగుతారు. మొదటి వారమంతా ఆ విసుగును భరించమనండి, తర్వాత వారే మనసులో రాసుకోగలుగుతారు.

3. జాబితాలోని ప్రతిదానికీ సమానమైన అవకాశం ఉందా అని అడగండి. ఈ మెట్టును పుస్తకాలు ఒక్క మాటతో దాటేస్తాయి, కానీ నా దృష్టిలో పాఠమంతటికీ కీలకం ఇదే. చిన్నస్వామి స్టేడియంలో మ్యాచ్ ఉందనుకోండి. టాస్‌లో బొమ్మ లేదా బొరుసు పడుతుంది, రెండింటికీ సమాన అవకాశం ఉంది, కాబట్టి టాస్ గెలిచే సంభావ్యత 1/2. మ్యాచ్ కూడా గెలవడమో ఓడడమో కాబట్టి అక్కడా 1/2 అని పిల్లలు అంటారు. అది చెల్లదు, ఎందుకంటే రెండు జట్ల బలం ఒకటి కాదు, పైగా వాన వచ్చి ఆట రద్దు కావడం అనే మూడో దారి కూడా ఉంది. "జరిగితే జరుగుతుంది, లేకపోతే లేదు, అందుకే సగం" అనే మాట వినబడిన ప్రతిసారీ ఆపి, రెండు దారులూ సమానమని ఎలా తెలిసిందని అడగండి. నాణెం, పాచిక, చీటీలకు జవాబు ఉంటుంది: ఆకారం ఒకటే, మడత ఒకటే, ఎంచుకునేవారికి కనిపించదు. అటువంటి జవాబు దొరకని చోట ఈ సూత్రం వాడకూడదు.

4. కోరినవాటి చుట్టూ సున్నా చుట్టించండి. 1 నుంచి 20 వరకు ఉన్న చీటీల్లో 3 గుణిజం గానీ 5 గుణిజం గానీ రావాలన్నది ప్రశ్న అనుకుందాం. 3 గుణిజాలు 3, 6, 9, 12, 15, 18 కాబట్టి ఆరు, 5 గుణిజాలు 5, 10, 15, 20 కాబట్టి నాలుగు, కలిపితే పది అని రాసేవారే ఎక్కువ. జాబితా మీద సున్నాలు చుడితే మాత్రం తొమ్మిదే తేలుతాయి, ఎందుకంటే 15 చుట్టూ ముందే సున్నా ఉంది. జవాబు 9/20. ప్రధాన సంఖ్యల ప్రశ్నల్లో 1ని చేర్చడం, 2ని వదిలేయడం అనే రెండు పాత పొరపాట్లు ఉన్నాయి, వాటిని కూడా ఈ మెట్టులోనే చూసుకోవాలి.

5. ఇప్పుడు భిన్నం రాయించండి. సున్నాలు చుట్టినవి పైన, జాబితా మొత్తం కింద. తెల్ల గుండీ వచ్చే సంభావ్యత 3/10. దీన్ని 3/7 అని రాసే పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉంటారు, వారు తెల్లవాటిని మిగిలినవాటితో పోలుస్తున్నారు. నిష్పత్తి పాఠం ఈ మధ్యనే ముగిసి ఉంటే ఈ తప్పు మరీ ఎక్కువ. "సంచిలో మొత్తం ఎన్ని?" అని మాత్రమే అడగండి, తప్పు వారికే కనిపిస్తుంది. సూక్ష్మీకరణ తొందరపడి చేయవద్దు. 5/10 అని ఒక వరుసలో రాసి, దాని కింద 1/2 అని రాస్తే, తర్వాత సరిచూసుకునేటప్పుడు పది గుండీలూ కనిపిస్తాయి. ప్రశ్న కోరితే 0.5 అనో 50 శాతం అనో మార్చవచ్చు.

6. జవాబును మూడు విధాలుగా సరిచూడండి. జవాబు 0 కంటే చిన్నది, 1 కంటే పెద్దది కాకూడదు. 7/5 వచ్చిందంటే లవమూ హారమూ తారుమారై ఉంటాయి. రెండోది, అన్ని రంగుల సంభావ్యతలనూ కలిపితే సరిగ్గా 1 రావాలి: 5/10, 3/10, 2/10 కలిపితే 10/10. మూడోది, జరగకపోయే సంభావ్యతను విడిగా లెక్కపెట్టి చూడాలి. నీలం రాకపోవడం అంటే ఎరుపు లేదా తెలుపు రావడం, అంటే 8/10. దానికి 2/10 కలిపితే 1 అవుతోంది కాబట్టి జవాబు నిలుస్తుంది. రేపు వాన పడే సంభావ్యత 0.35 అని ఇచ్చి, పడకపోయే సంభావ్యత అడిగే ప్రశ్నకు కూడా ఇదే దారి: 1 నుంచి 0.35 తీసేస్తే 0.65. అటువంటి ప్రశ్నలో జాబితా రాయవలసిన పని లేదు.

7. రెండు వస్తువులు వచ్చినప్పుడు పట్టిక గీయించండి. ఇక్కడ నిదానంగా వెళ్లాలి. రెండు నాణేలు ఎగరేస్తే రెండు బొమ్మలు, రెండు బొరుసులు, ఒకటీ ఒకటీ అని మూడే విధాలున్నట్లు అనిపిస్తుంది. రూపాయి నాణేన్నీ, ఐదు రూపాయల నాణేన్నీ తీసుకున్నామంటే భ్రమ తొలగిపోతుంది. రూపాయి బొమ్మ, ఐదు బొరుసు కావడం వేరు, రూపాయి బొరుసు, ఐదు బొమ్మ కావడం వేరు. మొత్తం నాలుగు విధాలు, కాబట్టి కనీసం ఒక బొమ్మ పడే సంభావ్యత 3/4. ఈ పొరపాటు చేసినందుకు పిల్లలను తప్పుపట్టనవసరం లేదు. 1754లో ఫ్రెంచి విజ్ఞానసర్వస్వానికి రాసిన వ్యాసంలో డాలంబేర్ అంతటి గణితజ్ఞుడు ఇదే ప్రశ్నకు 2/3 అని వాదించాడు. మొదటిసారే బొమ్మ పడితే ఆట ముగిసినట్టే కాబట్టి దాన్ని ఒకే విధంగా లెక్కపెట్టాలని, మొత్తం మూడే విధాలని ఆయన తర్కం. ఆ మూడింటికీ సమాన అవకాశం లేదన్న సంగతిని, అంటే మన మూడో మెట్టును, ఆ తర్కం దాటిపోయింది.

రెండు పాచికలకు గళ్ల పుస్తకంలో ఆరు అడ్డు వరుసలు, ఆరు నిలువు వరుసలు గీయించి, ఒక రంగు పాచికను అడ్డంగా, మరొక దాన్ని నిలువుగా పెట్టి, ప్రతి గడిలో మొత్తం రాయించండి. మొత్తం 36 గడులు. 2 ఒకే గడిలో, 7 ఆరు గడుల్లో, 12 మళ్లీ ఒకే గడిలో వస్తాయి. 2 నుంచి 12 వరకు ఒక్కొక్క మొత్తం వచ్చే గడులను వరుసగా లెక్కపెడితే 1, 2, 3, 4, 5, 6, 5, 4, 3, 2, 1 రావాలి, అన్నీ కలిపితే 36 కావాలి. ఈ వరుస తప్పితే పట్టికలో ఎక్కడో కూడిక తప్పిందని అర్థం. మొత్తాలు పదకొండు కాబట్టి ప్రతిదానికీ 1/11 అనేవారికి ఈ పట్టికే సమాధానం. కనీసం ఒక ఆరు పడడం ఎన్ని గడుల్లో అని అడిగి చూడండి. అడ్డు వరుస ఆరు, నిలువు వరుస ఆరు, మొత్తం పన్నెండు అనేస్తారు. మూలన ఉన్న 6, 6 గడి రెండు వరుసల్లోనూ ఉంది కాబట్టి జవాబు 11/36.

మూడు నాణేలకు పట్టిక కుదరదు, అక్కడ కొమ్మల బొమ్మ గీయాలి. మొదటి నాణేనికి రెండు కొమ్మలు, ఒక్కొక్క దాని నుంచి మరో రెండు, మళ్లీ ఒక్కొక్క దాని నుంచి రెండు. చివర్లు 8 రావాలి.

సంచిలోంచి రెండుసార్లు గుండీ తీసే ప్రశ్నల్లో మొదటి గుండీని తిరిగి వేశారా లేదా అన్నది తప్పక చదవాలి. తిరిగి వేస్తే రెండోసారీ హారం 10. వేయకపోతే హారం 9 అవుతుంది. మొదటిది ఎరుపైతే సంచిలో మిగిలిన ఎరుపు 4, అప్పుడు రెండోది కూడా ఎరుపు కావడానికి సంభావ్యత 4/9.

8. చివరగా ప్రయోగం చేయించండి. ఒక పాచికను 60 సార్లు వేసి, గీతలతో లెక్క రాయించండి. సూత్రం ప్రకారం ప్రతి ముఖమూ 10 సార్లు రావాలి, కానీ 6 సార్లో 14 సార్లో రావడం మామూలే, దాన్ని చూసి సూత్రం తప్పనుకోకూడదు. వేసే సంఖ్య పెరిగే కొద్దీ భిన్నం దగ్గరవుతుంది. పద్దెనిమిదో శతాబ్దపు ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు బూఫాన్ నాణేన్ని 4,040 సార్లు ఎగరేయించి 2,048 బొమ్మలు చూశాడు, ఇంగ్లండు గణాంకశాస్త్రజ్ఞుడు కార్ల్ పియర్సన్ 24,000 సార్లకు 12,012 చూశాడు. మొదటిది సుమారు 0.507, రెండోది 0.5005. ఇంట్లో అంత ఓపిక అక్కరలేదు. రెండు నాణేలను కలిపి 100 సార్లు ఎగరేయడం చాలు, తల్లి యాభై, బిడ్డ యాభై పంచుకోవచ్చు. ఒకటి బొమ్మ, ఒకటి బొరుసు పడినవి 50కి దగ్గరగా వస్తాయా, 33కి దగ్గరగా వస్తాయా చూడండి. నాలుగు విధాలా, మూడు విధాలా అన్న వాదన అక్కడ తేలిపోతుంది.

ఈ ప్రయోగం నడుస్తుండగా మరొక అపోహ కూడా బయటపడుతుంది. వైకుంఠపాళిలో ఐదుసార్లు ఆరు పడకపోతే ఈసారి తప్పకుండా పడుతుందని పిల్లలు, పెద్దలు కూడా నమ్ముతారు. పాచికకు జ్ఞాపకం లేదు. ఆరోసారీ 1/6 మాత్రమే.

సూత్రం పనిచేయని చోట ఏం చేయాలి

బెంగళూరు పిల్లలకు బడిలో చౌకాబారగా పరిచయమైన ఆట మన ఇళ్లలోని అష్టాచెమ్మా వంటిదే. నాలుగు గవ్వలూ వెల్లకిలా పడితే చెమ్మ, నాలుగూ బోర్లా పడితే అష్ట. ఒక గవ్వకు వెల్లకిలా, బోర్లా అనే రెండే స్థితులున్నాయి కదా అని 1/2 రాయకూడదు, ఎందుకంటే దాని రెండు వైపులూ ఒకే ఆకారంలో లేవు. ఇటువంటప్పుడు ఒకే గవ్వను 100 సార్లు వేసి చూడడమే మార్గం. ఉదాహరణకు 60 సార్లు వెల్లకిలా పడితే, ఆ గవ్వకు సంభావ్యత సుమారు 60/100 అని రాసి, ఇది ప్రయోగం వల్ల వచ్చిన అంచనా అని పక్కన పేర్కొనాలి. వేరే గవ్వకు వేరే భిన్నం రావచ్చు.

అపార్ట్‌మెంటు కింది అంతస్తులో నిలిపిన వాహనాల నంబర్లలో చివరి అంకె కూడా మంచి అభ్యాసం. రోడ్డు మీద నిలబడి చూడనివ్వవద్దు, ఆగి ఉన్న బండ్లు చాలు. అంకెలు 0 నుంచి 9 వరకు పది, కాబట్టి చివరి అంకె సరిసంఖ్య అయ్యే సంభావ్యత 5/10. 3 గుణిజం అయ్యే సంభావ్యత 3/10 అని పిల్లలు రాస్తారు, కానీ 0 కూడా 3 గుణిజమే కాబట్టి 4/10. యాభై బండ్లు లెక్కపెట్టి సరిపోల్చండి. కోరి తెచ్చుకున్న నంబర్లు, అంకెలన్నీ కలిపితే తొమ్మిది రావాలని ఎంచుకున్న నంబర్లు మనవారిలో తక్కువేమీ కావు గనుక ఇక్కడ సమసంభవం పూర్తిగా నిజం కాకపోవచ్చు. ఆ తేడా ఎందుకొచ్చిందో పిల్లలతో చర్చించడానికి ఇది మంచి అవకాశం.

తప్పు జవాబును బట్టి ఎక్కడ దిద్దాలి

ఈ ప్రశ్నలు ఇచ్చి చూడండి. సరైన జవాబుతో పాటు, సాధారణంగా వచ్చే తప్పు జవాబుకు కారణం కూడా ఇస్తున్నాను.

బెంగళూరు పేరును ఇంగ్లీషు అక్షరాలతో BENGALURU అని రాసి, ఒక్కొక్క అక్షరాన్ని ఒక చీటీ మీద వేసి, ఒక చీటీ తీస్తే యు వచ్చే సంభావ్యత 2/9. జవాబు 1/8 అని వస్తే రెండు యులను ఒకటిగా లెక్కపెట్టారు, కాబట్టి రెండో మెట్టు మళ్లీ చేయించండి. అచ్చు వచ్చే సంభావ్యత 4/9.

1 నుంచి 20 వరకు చీటీల్లో ప్రధాన సంఖ్య వచ్చే సంభావ్యత 8/20, అంటే 2/5. జవాబు 9/20 అయితే 1 లోపలికి వచ్చింది, 7/20 అయితే 2 బయట ఉండిపోయింది.

రెండు పాచికల మొత్తం 8 అయ్యే సంభావ్యత 5/36. 3/36 అని రాసినవారు 2, 6నూ 6, 2నూ ఒకటిగా చూశారు. 6/36 అని రాసినవారు 4, 4ను రెండుసార్లు లెక్కపెట్టారు, ఆ గడి పట్టికలో ఒక్కటే ఉందని వేలు పెట్టి చూపించండి.

52 పేకముక్కల్లో ఎర్ర బొమ్మ ముక్క వచ్చే సంభావ్యత 6/52, అంటే 3/26. 8/52 వస్తే ఆసులను కూడా బొమ్మ ముక్కలుగా లెక్కించారు. 12/52 వస్తే ఎరుపు అన్న మాట చదవకుండానే లెక్కకు దిగారు, అలాంటివారి చేత మొదటి మెట్టులోని రెండు వాక్యాలూ బిగ్గరగా చదివించండి.